మీ రెసిడెన్సీ ప్రోగ్రామ్ ప్రొబేషన్‌లో పడితే: లేఖ అందిన రోజు నుంచి కొత్త చోట చేరేదాకా

"అన్నా, మా ప్రోగ్రామ్‌కి ప్రొబేషన్ వచ్చిందంట. ఇంట్లో చెప్పమంటావా, వద్దా?"

అమెరికాలో రెసిడెన్సీ (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ ట్రైనింగ్) చేస్తున్న మన పిల్లల నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు ఈ ఫోన్ వస్తుంది. నేను ఇంటర్నల్ మెడిసిన్ రెండో ఏడాదిలో ఉండగా మా ప్రోగ్రామ్ గుర్తింపే రద్దయింది. మూడో ఏడాది వేరే రాష్ట్రంలో పూర్తి చేశాను. అప్పుడు నాకు తెలియక ఎదురైన ఇబ్బందులు మీకు రాకూడదని, ఫోన్‌లో విడివిడిగా చెప్పే మాటలన్నీ వరుసలో పెట్టి రాస్తున్నాను. వరుస ముఖ్యం. మూడో పని ముందు చేసి మొదటిది మర్చిపోతే చిక్కుల్లో పడతారు.

ఇంట్లో సంగతి అంటారా, చెప్పండి. కాకపోతే కింది మొదటి పని చేశాక చెప్పండి. అప్పటికి నాన్న అడిగే "ఇప్పుడేమవుతుంది?" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుంటుంది.

1. లేఖ చదవండి: స్థితి ఏది, తేదీ ఏది

"ప్రోగ్రామ్ పోయిందంట" అన్న మాట వార్డుల్లో పది నిమిషాల్లో పాకిపోతుంది. దాన్ని పట్టించుకోవద్దు. రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చేది, తీసేసేది ఏసీజీఎంఈ. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోగలిగే ప్రోగ్రామ్ సెర్చ్ ఉంది. మీ ప్రోగ్రామ్ పదంకెల నంబర్ కొడితే ప్రస్తుత స్థితి, అది ఏ తేదీ నుంచి అమల్లో ఉందో కనిపిస్తాయి.

స్థితుల అర్థం ఇదీ:

- కంటిన్యూడ్ అక్రెడిటేషన్: మామూలు స్థితి. కొత్త ప్రోగ్రామ్ అయితే ఇనీషియల్ అక్రెడిటేషన్ అని ఉంటుంది.
- విత్ వార్నింగ్: లోపాలున్నాయి, దిద్దుకోండి అన్న హెచ్చరిక. గుర్తింపు అలాగే ఉంది.
- ప్రొబేషనరీ అక్రెడిటేషన్: ఏసీజీఎంఈ మనుషులు వచ్చి తనిఖీ (సైట్ విజిట్) చేసి, లోపాలు తీవ్రంగా ఉన్నాయని తేల్చారు. గుర్తింపు ఇంకా ఉంది. వరుసగా రెండు వార్షిక సమీక్షలకు మించి ఈ స్థితిలో ఉంచరు. ఆలోపు కోలుకోవాలి, లేదా పోవాలి.
- విత్‌డ్రాయల్: గుర్తింపు రద్దు. ఫలానా తేదీ నుంచి అని రాసి ఉంటుంది.

అందరూ పొరబడేది మూడో మెట్టు దగ్గర. ప్రొబేషన్‌లో ఉన్న ప్రోగ్రామ్ గుర్తింపు ఉన్న ప్రోగ్రామే. అక్కడ చేసిన ప్రతి నెల బోర్డు పరీక్ష (స్పెషలిస్టుగా ధ్రువీకరించే పరీక్ష) అర్హతకు లెక్కలోకి వస్తుంది. ఆ సమయంలో పూర్తి చేసి బయటికొస్తే మీరు గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ నుంచి వచ్చినవాళ్లే.

విత్‌డ్రాయల్ విషయంలో అమలు తేదీ చూడాలి. చాలాసార్లు అది విద్యా సంవత్సరం చివర, అంటే జూన్ 30న పడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ న్యూ మెక్సికో న్యూరోసర్జరీ రెసిడెన్సీ గుర్తింపు రద్దు సంగతి 2019లో బయటికొచ్చింది, అమలు తేదీ 2020 జూన్ 30. ఆ తేదీలోపు ట్రైనింగ్ పూర్తయ్యే సీనియర్లకు ఇబ్బంది లేదు. మిగిలినవాళ్లకు అదే గడువు.

ఇంకో సంగతి. స్థితి మీ ప్రోగ్రామ్‌దా, ఆసుపత్రి మొత్తానిదా? రెసిడెన్సీలు నడిపే సంస్థకి, అంటే స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్‌కి కూడా విడిగా స్థితి ఉంటుంది. ఒహాయోలోని సమ్మా హెల్త్‌లో 2017లో ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ గుర్తింపు రద్దయింది, సంస్థ కూడా ప్రొబేషన్‌లో పడింది. అలాంటప్పుడు పక్క డిపార్ట్‌మెంట్ రెసిడెంట్లు కూడా ఈ మార్గదర్శి చదువుకోవాలి.

ప్రొబేషన్ వస్తే రెసిడెంట్లందరికీ, ఇంటర్వ్యూకి పిలిచిన అభ్యర్థులకూ ప్రోగ్రామ్ లిఖితపూర్వకంగా చెప్పి తీరాలి. మీకు లేఖ అందకపోతే అడిగి తీసుకోండి. లేఖలో ఏ నిబంధనలు పాటించలేదో రాసి ఉంటుంది, సైటేషన్లు అంటారు. ఆ భాగం చూపిస్తారా అని అడగండి. ఏ రోగమో తెలియకుండా ఉండాలా వెళ్లాలా అన్నది తేల్చుకోలేరు.

2. మొదటి వారం: మీ కాగితాలు మీ చేతిలోకి తెచ్చుకోండి

ఈ ఒక్క భాగం చదివి ఆగిపోయినా నాకు సంతోషమే.

మా ప్రోగ్రామ్‌కి చివరి రోజు జూన్ 30. ఆ అర్ధరాత్రితో ఆసుపత్రి ఈమెయిల్, ఎవాల్యుయేషన్ల సాఫ్ట్‌వేర్, ప్రొసీజర్ లాగ్ మూడూ మూతపడ్డాయి. జులై మొదటి వారంలో కొత్త ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ "మీరు సూపర్‌విజన్ లేకుండా చేయదగ్గ ప్రొసీజర్ల లెక్క పంపండి" అంది. పాత కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ అప్పటికే ఉద్యోగం మానేసింది. చివరికి నా ఫోన్‌లో ఎప్పుడో తీసుకున్న ఒక స్క్రీన్ ఫొటో దొరికింది. అందులో సెంట్రల్ లైన్లు 11 కనిపించాయి, పారాసెంటసిస్‌ల వరస సగంలో తెగిపోయింది. ఆ తెగినవన్నీ కొత్త చోట మళ్లీ ఒకరి ముందు చేసి సంతకాలు పెట్టించుకున్నాను.

అందుకే స్థితి ఏదైనా, వార్నింగే అయినా, ఈ వారంలోనే ఇవి పీడీఎఫ్‌లుగా మీ సొంత ఈమెయిల్‌కీ, ఒక పెన్‌డ్రైవ్‌కీ చేరాలి:

☐ ఇప్పటిదాకా సంతకం చేసిన కాంట్రాక్టులన్నీ, ఏ ఏడాదికి ఆ ఏడాది
☐ రొటేషన్ షెడ్యూల్, మొదటి రోజు నుంచి ఈ రోజుదాకా, తేదీలతో
☐ ప్రతి ఆరు నెలలకు ఇచ్చే సెమీ-యాన్యువల్ ఎవాల్యుయేషన్లు, మైల్‌స్టోన్ రిపోర్టులు
☐ రొటేషన్‌వారీ ఎవాల్యుయేషన్లు
☐ ప్రొసీజర్ లాగ్ లేదా కేస్ లాగ్ (పేషెంట్ పేర్లు, రికార్డు నంబర్లు తీసేసి మాత్రమే)
☐ ఇన్-ట్రైనింగ్ పరీక్ష మార్కులు
☐ సెలవుల లెక్క
☐ డ్యూటీ గంటల లాగ్
☐ ఏసీఎల్ఎస్, బీఎల్ఎస్ కార్డులు, టీకాల రికార్డు
☐ ట్రైనింగ్ లైసెన్స్ కాపీ, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్
☐ గుర్తింపు స్థితి గురించి ప్రోగ్రామ్ ఇచ్చిన ప్రతి లేఖ

పేషెంట్ల వివరాలున్న ఫైలు సొంత ఈమెయిల్‌కి పంపితే ప్రైవసీ చట్టం ఉల్లంఘన అవుతుంది. ఈ కంగారులో ఆ తప్పు చేసి ఇంకో విచారణ తెచ్చుకోవద్దు. లాగ్‌ని ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రొసీజర్ పేరు, తేదీ, చూసినవారి పేరు ఉంటే చాలు.

తర్వాత ప్రోగ్రామ్ డైరెక్టర్ దగ్గర ఒక సంతకం. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇన్ని నెలల ట్రైనింగ్ సంతృప్తికరంగా పూర్తి చేశారు" అని లెటర్‌హెడ్ మీద. ప్రోగ్రామ్ కష్టాల్లో ఉన్నప్పుడు డైరెక్టర్లు మారిపోతుంటారు. మీతో మూడేళ్లు పనిచేసిన మనిషి సంతకానికీ, నిన్న వచ్చిన తాత్కాలిక డైరెక్టర్ సంతకానికీ తేడా ఉంటుంది. సిఫార్సు లేఖలు కూడా ఇప్పుడే అడగండి. మిమ్మల్ని బాగా ఎరిగిన అటెండింగ్‌లు (పర్యవేక్షించే సీనియర్ డాక్టర్లు) ముగ్గురి సొంత ఫోన్ నంబర్లు రాసుకోండి.

ఎఫ్ఎస్ఎంబీ (రాష్ట్రాల మెడికల్ బోర్డుల సమాఖ్య) వాళ్ల ఎఫ్‌సీవీఎస్ అనే సర్టిఫికెట్లు ధ్రువీకరించే సేవలో ఖాతా తెరిచి మీ ట్రైనింగ్‌ని ధ్రువీకరించి పెట్టించుకోండి. రుసుము ఉంటుంది. పదేళ్ల తర్వాత ఇంకో రాష్ట్రంలో లైసెన్స్‌కి పెట్టుకున్నప్పుడు, లేని ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిన అవసరం ఉండదు. మూతపడిన ప్రోగ్రామ్‌ల రికార్డులు భద్రపరిచే పని కూడా ఎఫ్ఎస్ఎంబీ చేస్తుంది. మీ ప్రోగ్రామ్ మూతపడేటట్టయితే "మా రికార్డులు ఎక్కడికి వెళ్తాయి?" అని డీఐఓని అడిగి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. డీఐఓ అంటే ఆసుపత్రిలోని రెసిడెన్సీలన్నిటికీ బాధ్యత వహించే అధికారి.

3. వీసా లెక్క వెంటనే చూసుకోండి

అమెరికన్ సహోద్యోగి నెల రోజులు ఖాళీగా ఉన్నా దేశంలో ఉండగలడు. మనకు ఆ వెసులుబాటు లేదు.

జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద ఉంటే: మీ స్పాన్సర్ ఆసుపత్రి కాదు, విదేశీ వైద్య పట్టభద్రుల వ్యవహారాలు చూసే ఈసీఎఫ్ఎంజీ. ఆ స్పాన్సర్‌షిప్ గుర్తింపు ఉన్న ట్రైనింగ్‌కే. ప్రొబేషన్‌లో గుర్తింపు ఉంటుంది కాబట్టి అప్పటికి డీఎస్-2019కి (జే-1 అర్హత పత్రం) ఢోకా లేదు. రద్దు తేదీ వచ్చేలోపు మాత్రం కొత్త ప్రోగ్రామ్ కాంట్రాక్టుతో బదిలీ దరఖాస్తు వెళ్లాలి. ప్రతి ఆసుపత్రిలో ఈసీఎఫ్ఎంజీతో మాట్లాడే ఒక ఉద్యోగి ఉంటారు, టీపీఎల్ అంటారు. మీ టీపీఎల్ ఎవరో ఈరోజే కనుక్కోండి. కొత్త చోట టీపీఎల్‌ది కూడా ఇంతే ముఖ్యమైన పాత్ర.

- స్పాన్సర్‌షిప్ మంజూరు కాకుండా కొత్త చోట ఒక్క షిఫ్ట్ కూడా చేయకండి, ఓరియెంటేషన్‌తో సహా.
- స్పెషాలిటీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, అదీ మొదటి రెండేళ్లలోపే. "ఏదో ఒకటి దొరికితే చాలు" అని వేరే స్పెషాలిటీలోకి దూకే ముందు ఇది గుర్తుంచుకోండి.
- 30 రోజుల గ్రేస్ పీరియడ్ ప్రోగ్రామ్ పూర్తి చేసినవాళ్ల కోసం. మధ్యలో ఆగిపోతే అది మీకుంటుందని లెక్క వేసుకోవద్దు.
- భార్య లేదా భర్త జే-2 మీద ఉద్యోగం చేస్తుంటే వాళ్ల వర్క్ పర్మిట్ కూడా మీ స్థితి మీదే ఆధారపడి ఉంటుంది.

హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉంటే: ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే తీరితే అప్పటిదాకే. ఆలోపు కొత్త ఆసుపత్రి పిటిషన్ వేయాలి. వేశాక, మంజూరుకు ముందే పని మొదలుపెట్టొచ్చు. కొత్త ఆసుపత్రి కూడా లాటరీ అక్కర్లేని క్యాప్-ఎగ్జెంప్ట్ సంస్థేనా అని మొదటి ఫోన్‌లోనే అడగండి. కాకపోతే సంవత్సరం పోతుంది. ఈ మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు. 2025 సెప్టెంబర్‌లో దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. చెల్లెలి పెళ్లే అయినా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా టికెట్ కొనకండి.

4. ఎవరిని ఏం అడగాలి

ప్రోగ్రామ్ డైరెక్టర్ దగ్గరికి కోపంతో వెళ్లొద్దు, ప్రశ్నల కాగితంతో వెళ్లండి. చీఫ్ రెసిడెంట్‌తో కలిసి నలుగురైదుగురు వెళ్తే ఇంకా మంచిది.

☐ ప్రధాన సైటేషన్లు ఏమిటి? ఇది మొదటిసారా, పాతవే మళ్లీ వచ్చాయా?
☐ దిద్దుబాటు ప్రణాళిక రాశారా? మాకు చూపిస్తారా?
☐ తదుపరి సమీక్ష ఎప్పుడు?
☐ అప్పీల్ చేస్తున్నారా?
☐ రద్దయితే మమ్మల్ని వేరే చోట చేర్చే బాధ్యత ఎవరిది?

చివరి ప్రశ్నకు "చూద్దాం" అన్న జవాబు చాలదు. ప్రోగ్రామ్ మూసేస్తుంటే వీలైనంత త్వరగా రెసిడెంట్లకు చెప్పాలి, ఉన్నవాళ్లను పూర్తి చేయనివ్వాలి లేదా గుర్తింపు ఉన్న వేరే ప్రోగ్రామ్‌లో చేరేందుకు సాయం చేయాలి. ఇది ఏసీజీఎంఈ ఇన్‌స్టిట్యూషనల్ నిబంధనల్లో ఉన్న మాట. మీ ఆసుపత్రికి దీని మీద రాసిపెట్టుకున్న పాలసీ ఉండాలి. కాపీ అడగండి.

ప్రతి సమావేశం తర్వాత ఆ సాయంత్రమే ఒక చిన్న ఈమెయిల్: "ఈరోజు మీరు చెప్పినవి నాకు ఇలా అర్థమయ్యాయి, పొరపాటుంటే చెప్పండి." మర్యాదగా ఉంటుంది, రికార్డూ మిగులుతుంది.

5. ఉండాలా, వెళ్లాలా

నన్నడిగితే: ప్రొబేషన్ అయితే ఉండండి, రద్దయితే ఆ రోజే వెతకడం మొదలుపెట్టండి.

ప్రొబేషన్‌లో పడి కోలుకున్న ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. 2003లో జాన్స్ హాప్కిన్స్ అంతటి చోటే పని గంటల ఉల్లంఘనల వల్ల ఇంటర్నల్ మెడిసిన్ గుర్తింపు రద్దు దాకా వెళ్లి, దిద్దుకుని నిలబడింది. పైగా ప్రొబేషన్ సమయంలో పై అధికారులు రెసిడెంట్ల మాట వింటారు. మామూలు రోజుల్లో మూడేళ్లు అడిగినా రాని నైట్ ఫ్లోట్ (వంతులవారీ రాత్రి డ్యూటీ) మార్పు మూడు వారాల్లో రావడం నేను చూశాను.

ఈ పరిస్థితుల్లో మాత్రం నా సలహా మారుతుంది:

- సైటేషన్లు ఫ్యాకల్టీ లేకపోవడం గురించి, కేసులు చాలకపోవడం గురించి అయితే. గంటల సమస్య షెడ్యూల్‌తో తీరుతుంది, పేషెంట్లే లేని చోట ట్రైనింగ్ ఎవరూ తెచ్చివ్వలేరు.
- ఆసుపత్రి ఆర్థికంగా కుంగుతుంటే.
- తప్పు ఎత్తిచూపినవాళ్ల మీద కక్ష సాధిస్తుంటే.

వెళ్లాలనుకున్నా ఒక లెక్క ఉంది. మూసివేత ప్రకటన రాకముందే సొంతంగా వెళ్లిపోతే, ఏడో భాగంలో చెప్పే మెడికేర్ డబ్బు మీ వెంట రాదు.

ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లకు ఇంకో చిక్కు. చివరి రెండేళ్లు ఒకే ప్రోగ్రామ్‌లో, ఒకే క్లినిక్ పేషెంట్లతో కొనసాగాలని వాళ్ల బోర్డు అడుగుతుంది. ప్రోగ్రామ్ మూతపడితే మినహాయింపు కోరవచ్చు. బదిలీకి ఒప్పుకునే ముందే బోర్డుకి రాసి జవాబు తెచ్చుకోండి. స్పెషాలిటీ ఏదైనా "నా పాత నెలల్లో ఎన్ని ఒప్పుకుంటారు?" అన్నది బోర్డునే అడగాలి. కొత్త డైరెక్టర్ నోటి మాట సరిపోదు.

6. ఉండేటట్టయితే నిజం చెప్పండి

ఏటా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఏసీజీఎంఈ రెసిడెంట్ సర్వే వస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్న చోట "అన్నీ బాగున్నాయని పెట్టండి, లేకపోతే మనమే మునుగుతాం" అన్న మాట తిరుగుతుంది. అది తప్పు సలహా. సర్వేలో అంతా బాగుందని రాసి, సైట్ విజిట్‌లో ముఖాముఖి అడిగినప్పుడు తడబడితే ప్రోగ్రామ్‌ని ఎవరూ నమ్మరు. ఉన్నది ఉన్నట్టు రాయండి, మెరుగైనవీ అంతే నిజాయతీగా రాయండి.

డ్యూటీ గంటలూ అంతే. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు, ఏడింట ఒక రోజు సెలవు, ఏకధాటి డ్యూటీ 24 గంటలు, అప్పగింతలకు మరో 4 గంటల వరకు. మా ఇంటర్న్ ఒకబ్బాయి వరసగా 86, 88 గంటలు చేసి లాగ్‌లో 79 అని రాసేవాడు. అడిగితే "ప్రోగ్రామ్‌కి మంచిదని" అన్నాడు. ఆ 79 వల్లే అదనపు మనిషిని ఇవ్వాల్సిన అవసరం పైవాళ్లకు కనిపించలేదు.

లోపల చెప్పి ఫలితం లేకపోతే ఏసీజీఎంఈ దగ్గర రెండు దారులున్నాయి. ఆంబుడ్స్‌పర్సన్ దగ్గర గోప్యంగా మాట్లాడి సలహా తీసుకోవచ్చు. కంప్లయింట్స్ ఆఫీసుకి ఫిర్యాదు ఇస్తే అది గుర్తింపు సమీక్షదాకా వెళ్లగలదు. మొదటిది చేశాకే రెండోదానికి వెళ్లండి.

7. రద్దయితే కొత్త చోటు వెతకడం: డబ్బు ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోండి

రెసిడెంట్ ట్రైనింగ్ ఖర్చులో పెద్ద భాగం మెడికేర్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇస్తుంది. 1997 చట్టంతో ఒక్కో ఆసుపత్రికి ఇన్ని సీట్లకే అని క్యాప్ పెట్టారు. క్యాప్ నిండిన ఆసుపత్రి మిమ్మల్ని చేర్చుకుంటే ఆ ఖర్చు తనే భరించాలి. మంచి ఇంటర్వ్యూ తర్వాత కూడా "మా దగ్గర ఫండింగ్ లేదు" అనడానికి కారణం ఇదే.

దీనికి మార్గముంది. ప్రోగ్రామ్ గానీ ఆసుపత్రి గానీ మూతపడి మీరు నిలువ నీడ లేకుండా అయితే, మీ ట్రైనింగ్ పూర్తయ్యేదాకా చేర్చుకున్న ఆసుపత్రి క్యాప్ తాత్కాలికంగా పెరుగుతుంది. షరతులు గమనించండి:

- చేర్చుకున్న ఆసుపత్రి, మీ ట్రైనింగ్ మొదలైన 60 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి.
- ఆసుపత్రి నడుస్తూ ప్రోగ్రామ్ మాత్రమే మూతపడితే, పాత ఆసుపత్రి తన క్యాప్‌ని అంతమేర తాత్కాలికంగా తగ్గించుకోవడానికి ఒప్పుకోవాలి.
- మూసివేత ప్రకటించిన రోజున మీరు ఆ ప్రోగ్రామ్‌లో ఉండాలి. మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్లు కేటాయించే జాతీయ పద్ధతి) సీటు వచ్చి ఇంకా చేరనివాళ్లను కూడా ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నారు.

రెండో షరతు దగ్గరే బండి ఆగుతుంది. పాత ఆసుపత్రికి అది సొంత డబ్బు వదులుకోవడం. కాబట్టి డీఐఓని సూటిగా అడగండి: "నా సీటు తాలూకు క్యాప్ తాత్కాలికంగా వదులుతున్నట్టు రాసిస్తారా?" ఆ కాగితం ఉంటే మీ దరఖాస్తు వెంటనే పైకొస్తుంది.

2019లో ఫిలడెల్ఫియాలో హానెమన్ యూనివర్సిటీ హాస్పిటల్ మూతపడినప్పుడు 550 మందికి పైగా రెసిడెంట్లు, ఫెలోలు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లను మిగతా ఆసుపత్రులు చేర్చుకోగలగడంలో ఈ తాత్కాలిక క్యాప్ పాత్ర చాలా పెద్దది.

ఇప్పుడు వెతకడం. డైరెక్టర్, డీఐఓ తమ పరిచయాల్లో ఫోన్లు చేయాలి, అది మొదటి దారి. మీ స్పెషాలిటీ ప్రోగ్రామ్ డైరెక్టర్ల సంఘం ఖాళీల జాబితా చూడండి. మీ కాలేజీ సీనియర్లను అడగండి. గుంటూరు, ఉస్మానియా, గాంధీ, కాకినాడ, కర్నూలు ఏదైనా సరే, మీకంటే పదేళ్ల ముందు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఇప్పుడు ఎక్కడో అసోసియేట్ ప్రోగ్రామ్ డైరెక్టర్‌గా ఉంటారు. మొహమాటపడొద్దు.

రాసే ఈమెయిల్ ఒక స్క్రీన్ దాటకూడదు. ఈ వరసలో:

1. ఎవరు, ఏ స్పెషాలిటీ, ఏ ఏడాది సీటు కావాలి
2. ప్రోగ్రామ్ గుర్తింపు రద్దు వల్ల వెతుకుతున్నానని ఒక్క వాక్యం, అమలు తేదీతో
3. తాత్కాలిక క్యాప్ బదిలీకి పాత ఆసుపత్రి ఒప్పుకుందా లేదా
4. వీసా ఏది, స్టెప్ 3 (లైసెన్స్ పరీక్షల్లో చివరిది) అయిందా
5. సీవీ, స్కోర్లు, ఎవాల్యుయేషన్లు, డైరెక్టర్ లేఖ జత చేశానని

పాత ప్రోగ్రామ్ మీద ఒక్క చెడు మాట రాయొద్దు. ఇంటర్వ్యూలో అడిగితే జరిగింది రెండు వాక్యాల్లో చెప్పి, మీరు నేర్చుకున్న వైద్యం గురించి మాట్లాడండి.

చేర్చుకునే ముందు కొత్త డైరెక్టర్ పాత డైరెక్టర్ నుంచి మీ ట్రైనింగ్ ధ్రువీకరణ, సమగ్ర ఎవాల్యుయేషన్ తెప్పించుకోవాలి, ఇది నిబంధన. పాత ఆఫీసు ఆలస్యం చేస్తే రోజూ ఫోన్ చేయండి. అక్కడ సీట్ల సంఖ్య నిండి ఉంటే ఏసీజీఎంఈ నుంచి తాత్కాలిక పెంపు కూడా వాళ్లు అడగాలి.

8. లైసెన్స్, ఇన్సూరెన్స్

ట్రైనింగ్ లైసెన్స్ రాష్ట్రానిది. రాష్ట్రం మారితే కొత్తది కావాలి, వారాలు పడుతుంది. ఆఫర్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి.

మాల్‌ప్రాక్టీస్ పాలసీ ఆకరెన్స్ రకమా, క్లెయిమ్స్-మేడ్ రకమా అని రాతపూర్వకంగా అడగండి. రెండోదైతే మీరు వెళ్లిపోయాక వచ్చే కేసులకు టెయిల్ కవరేజ్ కావాలి. అది ఎవరు కడతారు? హానెమన్ రెసిడెంట్లకు ఇదే నెలల తరబడి నిద్ర లేకుండా చేసింది.

ఆరోగ్య బీమా మధ్యలో తెగిపోతే కోబ్రా (ఉద్యోగం పోయాక సొంత ఖర్చుతో పాత బీమా కొనసాగించుకునే చట్టం) కింద కొనసాగించుకోవచ్చు, ఎంచుకోవడానికి 60 రోజులుంటాయి. ఆసుపత్రే మూతపడి ప్లాన్ రద్దయితే కోబ్రా ఉండదు. అప్పుడు మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వం నడిపే బీమా అంగడి) ప్రత్యేక నమోదు, దానికీ 60 రోజులే. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని అన్నిటికంటే ముందు చేయండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

తప్పు: కంగారులో రాజీనామా ఇచ్చేయడం. రాజీనామాతో వీసా గడియారం మొదలవుతుంది, క్యాప్ డబ్బు పోతుంది. ఇచ్చేసి ఉంటే అదే రోజు డీఐఓని కలిసి వెనక్కి తీసుకోవచ్చేమో అడగండి.

తప్పు: వాట్సాప్ గ్రూప్‌లో లేఖ ఫొటో పెట్టడం. గంటలో డైరెక్టర్ దగ్గరికి చేరుతుంది. తీసేసి, స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పండి. రేపు మీకు లేఖ రాయాల్సింది ఆ మనిషే.

తప్పు: మ్యాచ్ అయినవాళ్లు వేరే చోట సీటు ఒప్పేసుకోవడం. మ్యాచ్ ఒప్పందం కట్టుబాటు. ప్రోగ్రామ్ గుర్తింపు పోయినా ముందు మ్యాచ్ నడిపే ఎన్ఆర్ఎంపీ నుంచి వేవర్ (మినహాయింపు) తీసుకోవాలి. లేకపోతే ఉల్లంఘన మచ్చ మీ మీద పడుతుంది.

తప్పు: ఎవరికీ చెప్పకుండా లోపలే కుమిలిపోవడం. మనవాళ్లలో ఇది చాలా ఎక్కువ, నేనూ రెండు నెలలు అలాగే ఉన్నాను. నిద్ర పట్టకపోతే, బతుకు మీద విసుగు పుడితే ఆసుపత్రి కౌన్సెలింగ్ వాడుకోండి. అమెరికాలో ఎక్కడి నుంచైనా 988 హెల్ప్‌లైన్‌కి రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు.

10. ఇంకా దరఖాస్తు దశలో ఉన్నవాళ్లకు

మ్యాచ్ కోసం ప్రోగ్రామ్‌లను ఇష్టం వరసలో పెట్టే ర్యాంక్ లిస్ట్ ఖరారు చేసే వారంలో ప్రతి ప్రోగ్రామ్ స్థితినీ ఏసీజీఎంఈ సెర్చ్‌లో మళ్లీ చూడండి. సెప్టెంబర్‌లో చూసింది ఫిబ్రవరికి మారి ఉండొచ్చు.

☐ స్థితి, అమలు తేదీ
☐ స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్ స్థితి
☐ గత మూడేళ్ల బోర్డు పరీక్ష ఉత్తీర్ణత
☐ గత రెండు మూడేళ్లలో ఎంతమంది డైరెక్టర్లు మారారు
☐ మధ్యలో వెళ్లిపోయిన రెసిడెంట్లు ఎందరు, ఎందుకు

చివరి రెండూ ఇంటర్వ్యూ రోజు రెసిడెంట్లతో విడిగా మాట్లాడినప్పుడు అడగండి. జవాబు చెప్పే ముందు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఆ సాయంత్రం ఇంకొకరికి ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రొబేషన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని ర్యాంక్ చేయొచ్చా? మీకు వేరే ఇంటర్వ్యూలు లేకపోతే చేయండి, చివర్లో. గుర్తింపు ఉన్న సీటు, సీటు లేకపోవడం కంటే నయం. చేరిన మొదటి నెల నుంచే రెండో భాగంలోని ఫైలు తయారుచేసుకుంటూ, ప్రతి నెలాఖరున ఒకసారి డౌన్‌లోడ్ చేసుకోండి.